టీచరుగారి ఎడమ కాలు

జూన్ 3

నాలో నేను గొణుక్కుంటున్నానట. "ఆ గొణుగుడేదో కాగితం మీద గొణుగు, నా చెవులకి కాస్త సెలవిచ్చినట్టుంటుంది" అంది మా ఆవిడ. ఆస్పత్రి డ్రెస్సింగ్ రూమ్ సిస్టరమ్మ ఇచ్చిన డైరీ ఊరికే పడి ఉంది. ఏదో మందుల కంపెనీది, రెండేళ్ళ కిందటిది. తేదీలు సరిపోతాయి, వారాలే కలవవు. మొదటి పేజీలో పేరు, చిరునామా, రక్తం గ్రూపు రాయమని గీతలున్నాయి. ఏమీ రాయలేదు. ఇది నేను చదువుకోవడానికి. నా పేరు నాకు తెలుసు.

నా షెడ్డు ఆస్పత్రి గేటు ముందే. మధ్యాహ్నం ఓపీ కట్టేశాక గంటసేపు బేరం ఉండదు. అప్పుడు రాస్తా.

ఇవాళ మూడు సంచులకి జిప్పులు, ఒక బూటుకి మడమ, తెగిన పట్టీలు బోలెడు. ఇది పొట్టకోసం. ప్రభువు కోసం చేసేది నెలకో జత. ఆదివారం ఆరాధనలో చందా సంచీ వచ్చినప్పుడు నేను వేసేది ఎవరికీ కనపడకుండా గుప్పిట్లో పెట్టుకుని వేస్తా, అంత కొంచెం. అందుకే మూడేళ్ళ కిందట తీర్మానం చేసుకున్నా. షుగరు వల్ల పాదాలు మొద్దుబారినవాళ్ళకి నెలకో జత మెత్తటి చెప్పులు, ఉచితంగా. ఆ కాళ్ళకి మేకు దిగినా తెలియదు, పుండు పడినా తెలియదు. వాళ్ళ చెప్పుల్లో మేకు ఉండకూడదు, గరుకు అంచు ఉండకూడదు. బొటనవేలితో నొక్కితే దిగి, వదిలితే మళ్ళీ లేచే రబ్బరు వేయాలి. సిస్టరమ్మే నేర్పింది.

ఈ పని గురించి ఎవరికీ చెప్పుకోను. అయ్యగారికి మాత్రం చెప్పా, మన పాస్టరుకి చెప్పకపోతే బాగుండదు కదా. పక్కింటివాళ్ళకీ తెలుసు. ఎలా తెలిసిందో మరి.

రబ్బరు షీటు ఒక్కటే మిగిలింది. ఒక్క జతకి వస్తుంది. తెచ్చి ఇచ్చే ఆయన ఊరు మారిపోయాడు.

జూన్ 5

బస్సు కండక్టర్ వచ్చాడు. మనిషి అడుగు పెట్టాడంటే నా రేకుల షెడ్డు నవ్వుతో నిండిపోతుంది. "బావా, నా కాళ్ళు నా మాట వినడం మానేశాయి. నిన్న నా చెప్పు ఒక స్టాపులో దిగిపోయింది, నేను తర్వాతి స్టాపులో టిక్కెట్లు కొడుతున్నా. ఎవరో పెద్దాయన చెప్పేదాకా తెలియలేదు!"

పాదాలు చూశా. మడమలు పగిలాయి, అరికాళ్ళు గట్టిపడ్డాయి. పుండు లేదు. ఈ నెల జత ఇతనికే అనుకున్నా. మాట ఇవ్వలేదు.

జూన్ 6

సిస్టరమ్మ ఒకావిడని పంపింది. డెబ్భై దాటి ఉంటాయి. చేతికర్ర, ఇస్త్రీ చీర. ఎడమ కాలు, బొటనవేలి మొదట్లో అరికాలి మీద పుండు. కోటు గుండీ అంత.

"ఆరు వారాల్లో మానకపోతే వేలు తీసేస్తారట. తీసేశాక అక్కడితో ఆగుతుందని కూడా హామీ లేదట. నువ్వు బాగా చేస్తావని ఆ అమ్మాయి చెప్పింది, బాబూ" అంది.

గొంతు విన్నాక తల ఎత్తలేదు. వంచిన తలతోనే కొలతలు తీసుకున్నా. తెల్లకాగితం మీద కార్బన్ పరిచి, కట్టుతోనే దాని మీద నిలబెట్టా. బరువు పడ్డచోట కింద నల్లగా అచ్చు పడుతుంది. సరిగ్గా పుండు ఉన్నచోటే నల్లగా పడింది.

ఆవిడే. లెక్కల టీచరు.

నన్ను గుర్తుపట్టలేదు. మంచిదే.

జూన్ 7

పాత సంగతి. నాకేమీ లేదు. ఒకసారి రాసేస్తే అయిపోతుంది.

ఏడో తరగతి. హెడ్మాస్టరుగారి అమ్మాయి జామెట్రీ బాక్సు పోయింది. లెక్కల టీచరు నన్ను బెంచీ ఎక్కించింది. ఎందుకు నన్నే అంటే, వెనక బెంచీలో కూర్చునేవాణ్ణి, చొక్కాకి గుండీల్లేవు. నా సంచీ తిప్పి నేల మీద దులిపింది. స్కేలు, రెండు పుస్తకాలు, మా నాన్న ఆరె పడ్డాయి. తోలు గుచ్చే ఆరె, పదును పెట్టించుకురమ్మని పొద్దున్నే నాన్న ఇచ్చాడు. ఆవిడ దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని, "తాళాలు తీసేది కూడా ఉందే!" అంది. క్లాసంతా నవ్వింది. బెల్లు కొట్టేదాకా బెంచీ మీదే ఉన్నా.

బాక్సు మర్నాడు స్టాఫ్ రూమ్ బీరువాలో దొరికిందట. తోటివాడెవడో చెప్పాడు. నేను మళ్ళీ బడికి వెళ్ళలేదు. నాన్న పక్కన కూర్చున్నా.

అంతే. నలభై ఏళ్ళయింది. ఎప్పుడో మర్చిపోయా.

ఆ రోజు ఆవిడ కట్టుకున్నది ఆకుపచ్చ చీర, నల్ల అంచు.

జూన్ 9

ప్రార్థన చేసి, బాగా ఆలోచించి నిర్ణయం తీసుకున్నా. రబ్బరు కండక్టర్‌కి. పెళ్ళాం పిల్లలున్నవాడు, అతని కాళ్ళ మీద ఇల్లు నడుస్తోంది. ఆవిడకి పింఛను వస్తుంది, ఒక్కతే మనిషి, ఇంట్లో కూర్చుంటుంది. ఆవిడకి టీవీ ప్యాకింగులో వచ్చిన స్పాంజి వేస్తా. మెత్తగానే ఉంది. పైన మంచి తోలు వేస్తా, నా దగ్గరున్నవాటిలోకెల్లా మంచిది.

ఇద్దరికీ ఇచ్చినట్టవుతుంది. నెలకో జత అనుకున్నా, రెండు చేస్తున్నా. ఇంకేం కావాలి?

స్పాంజిని నొక్కి చూడలేదు.

జూన్ 10

రెండు జతలూ అయ్యాయి. పైకి చూస్తే టీచరు జతే బాగుంది. మా ఆవిడ చేతిలోకి తీసుకుని, "ఇవి పెళ్ళికి తొడుక్కెళ్ళొచ్చు" అంది. అడుగు నొక్కబోతుంటే లాక్కున్నా, మాసిపోతాయని.

టీచరు వచ్చి వేసుకుంది. డబ్బు ఇస్తానంటే వద్దన్నా. "దేవుడు నీ చేతుల్ని చల్లగా చూడాలి, బాబూ" అంది. కండక్టర్ తన జత వేసుకుని షెడ్డు ముందు అటూ ఇటూ నడిచి చూపించాడు.

భోజనం సయించలేదు. ఎండ దెబ్బ కావచ్చు.

జూన్ 12

ప్రార్థనకి కూర్చున్నా. తలనొప్పి. లేచా.

జూన్ 15, ఆదివారం

అయ్యగారు ఆరాధనలో నా సంగతి ఎత్తారు. "మన మధ్య ఒక సహోదరుడున్నాడు, కలిమి లేకపోయినా చేతులున్నాయి ఆయనకి" అన్నారు. ఈ నెల రెండు జతలు చేశానని ఆయనకెవరు చెప్పారో. నేనే చెప్పా. గురువారం.

తల దించుకుని కూర్చున్నా. అందరూ నా వినయం అనుకున్నారు. బయటికి వస్తుంటే వందనాలు, వందనాలు అంటూ చెయ్యి పట్టుకున్నారు. రెండో చెయ్యి జేబులో పెట్టుకున్నా.

జూన్ 18

సిస్టరమ్మ డ్యూటీలో ఉండగానే గేటు దాటి నా దగ్గరికి వచ్చింది. చేతిలో ఆ చెప్పులు. వాటిని బల్ల మీద తిరగేసి పెట్టింది.

"నొక్కు అన్నయ్యా" అంది.

నొక్కా. స్పాంజి కాగితంలా అణిగిపోయింది. లేవలేదు.

"వారంలో పుండు ఇంతయింది" అని వేళ్ళతో చూపించింది. "చీము పట్టింది. వార్డులో చేర్చుకున్నారు. జూలై మూడున డాక్టరుగారు చూస్తారు. తేడా లేకపోతే వేలు తీసేస్తారు. నీ చెప్పులు చూసి భయం లేదులే అని ఆవిడే కూరగాయలకి, బ్యాంకుకి అన్నిచోట్లకీ నడిచింది. నీకు తెలియకుండా ఎలా జరిగిందన్నయ్యా? నీకు తెలియనిదా?"

"రబ్బరు లేదమ్మా" అన్నా.

అది అబద్ధం కాదు. అబద్ధమే.

తెలుసు. తెలిసే చేశా. నొక్కి చూడకపోవడం కూడా తెలిసే.

జూన్ 19

పొద్దున్నే మా ఆవిడకి చెప్పా. బీరువా, బాక్సు, ఆరె, ఆకుపచ్చ చీర, స్పాంజి, అన్నీ. ముప్ఫై ఏళ్ళ కాపురంలో బడి ఎందుకు మానేశావని ఆవిడ ఎన్నోసార్లు అడిగింది, నాకు చదువెక్కలేదనే చెప్పేవాణ్ణి.

తిడుతుందనుకున్నా. తిట్టలేదు. తిడితే బాగుండేది. చాలాసేపు కూరగాయల కత్తి చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది.

"ఏడో తరగతి పిల్లాణ్ణి ఏడిపించడం తప్పే" అంది చివరికి. "మరి ముసలావిడ కాలు?"

కత్తి గట్టు మీద పెట్టేసింది.

"నాకు చెప్పి ఏం లాభమయ్యా? లే. వెళ్ళి ఆవిడకి చెప్పు."

వెళ్ళలేదు. షెడ్డు తెరిచి ఒకే బూటుని మూడుసార్లు కుట్టా.

జూన్ 20

వెళ్ళా.

ఆడవాళ్ళ వార్డు, కిటికీ పక్క మంచం. టీచరుగారు కాలు దిండు మీద పెట్టుకుని పేపరు చదువుతున్నారు. నన్ను చూసి కళ్ళజోడు తీశారు. "రా బాబూ, కూర్చో. నీ తప్పేం లేదులే, నేనే ఎక్కువ తిరిగాను" అన్నారు.

ఆ మాట అనకుండా ఉంటే ఇంకో రోజు వాయిదా వేసేవాణ్ణేమో.

"నా తప్పే అమ్మగారూ. అప్పుడు నా దగ్గర మంచి రబ్బరు ఉంది. మీకు వేయలేదు. ఇంకొకరికి వేశా. మీకు పనికిరాని స్పాంజి వేసి పైన తోలు కప్పా. పనికిరాదని తెలుసు."

ఆవిడ పేపరు మడిచారు. "ఎందుకు?"

చెప్పా. నిలబడే చెప్పా. ఏ బడి, ఏ తరగతి, ఎవరి బాక్సు, బెంచీ ఎక్కించడం, సంచీ దులపడం, మర్నాడు బాక్సు బీరువాలో దొరకడం. పక్క మంచాలవాళ్ళు మాటలు ఆపేశారు. ఆపితే ఆపారు.

ఆవిడ నా ముఖంలోకి చూశారు, చాలాసేపు, వెతుకుతున్నట్టు. ఇప్పుడు గుర్తుకొస్తుంది, ఇప్పుడు గుర్తుకొస్తుంది అని నేను ఎదురుచూశా.

"గుర్తు లేదయ్యా" అన్నారు.

నలభై ఏళ్ళు! నేను ఆవిడతో ఎన్నిసార్లు పోట్లాడానో లెక్కలేదు. తోలు కోస్తూ, రోడ్డు దాటుతూ, ప్రార్థన మధ్యలో కూడా. ఆవిడకి అసలు ఆ రోజే లేదు.

"ముప్ఫై నాలుగేళ్ళు పాఠాలు చెప్పాను. చాలామందిని బెంచీ ఎక్కించాను. అప్పుడు అదే సరైన పద్ధతి అనుకునేదాన్ని" అన్నారు. "గుర్తు లేనంత మాత్రాన చేయనట్టు కాదు. గుర్తులేని తప్పుకి క్షమాపణ ఎలా చెప్పాలో నాకెవరూ నేర్పలేదు. అయినా చెప్తున్నాను. నన్ను క్షమించు నాయనా. దొంగవి కాదని ఆ మర్నాడే నీ ఇంటికొచ్చి చెప్పాల్సింది నేను."

ఏడ్చా. యాభై మూడేళ్ళవాణ్ణి, వార్డు మధ్యలో. ఆవిడ కాసేపు ఏడవనిచ్చారు. ఆ తర్వాత కర్రతో మంచం కోడుని టక్కున కొట్టారు.

"సరే. నా తప్పు సంగతి అయింది. ఇక నీ తప్పు. మూడో తారీఖుకి ఎన్ని రోజులుంది?"

"పదమూడు."

"ఇలాగే ఏడుస్తూ కూర్చుంటావా, కొలతలు తీసుకుంటావా?"

కొలతలు తీసుకున్నా.

జూన్ 21

పొద్దున్నే చెప్పుల ఫ్యాక్టరీకి వెళ్ళా. రెండు బస్సులు మారాలి. సూపర్‌వైజర్ మర్యాదగానే మాట్లాడాడు. ఆ రకం రబ్బరు ఉంది, కట్టలుగానే అమ్ముతారు, విడిగా ఇవ్వరు. కట్ట ఎంతో అడిగి వచ్చేశా. నా కుట్టుమిషను అమ్మినా రాదు.

తిరుగు బస్సులో కండక్టర్ అతనే. ముఖం చూసి అడిగాడు, చెప్పేశా. నవ్వుతాడనుకుంటే నవ్వలేదు. టిక్కెట్ల సంచీ పక్కన పెట్టి, వంగి, రెండు చెప్పులూ విప్పి నా ఒళ్ళో పెట్టాడు.

"కోసి ఆవిడకి చేసెయ్ బావా."

"నీ బరువుకి పదిరోజులు అణిగిందయ్యా అది. ఆవిడకి పనికిరాదు. నీ కాళ్ళు కూడా పాడుచేసి రెండో పాపం మూటగట్టుకోమంటావా? వేసుకో ముందు, అందరూ చూస్తున్నారు."

వేసుకున్నాడు. ఆ తర్వాత నా స్టాపు వచ్చేదాకా ఒక్క జోకు కూడా వేయలేదు.

జూన్ 22, ఆదివారం

ఆరాధనలో సాక్ష్యాలు చెప్పే సమయంలో లేచా. మా సంఘం అంటే ముప్ఫై కుటుంబాలు, అద్దె హాలు. బట్టలుతికేవాళ్ళు, మూటలు మోసేవాళ్ళు, ఇళ్ళలో పనిచేసేవాళ్ళు. మేం ఒకరినొకరం ఆదుకోవడమే గగనం.

"పోయిన వారం అయ్యగారు నన్ను మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు వెనక్కి తీసుకోండి" అన్నా.

చేసింది చేసినట్టు చెప్పా. ప్రభువు శిష్యుల కాళ్ళు కడిగినప్పుడు తనని పట్టిచ్చేవాడి కాళ్ళు కూడా కడిగాడని చిన్నప్పటినుంచీ వింటున్నా, నేను మాత్రం కాళ్ళు ఏరుకున్నా అన్నా. రబ్బరు కావాలి, కొనే స్తోమత లేదు, ఎలా అడగాలో కూడా తెలియడం లేదు అన్నా. నేను ఇంతవరకూ ఎవరినీ ఏమీ అడగలేదు. అదీ గొప్పే అనుకున్నా ఇన్నాళ్ళూ.

ఫ్యాను చప్పుడొక్కటే.

వెనక వరసలోంచి ఒక అక్క లేచింది. మెల్లగా మాట్లాడే మనిషి, ఆమె గొంతు నేను పాటల్లో తప్ప వినలేదు. "అన్నా, ఆ ఫ్యాక్టరీలో ఊడ్చేది నేనే. చెప్పుల అడుగులు కోయగా మిగిలిన రబ్బరు పీలికలు రోజూ ఇన్నేసి ఎత్తి చెత్తబండిలో పోస్తా. వేలెడు వెడల్పు ఉంటాయి, జానెడు పొడవు. అవి పనికొస్తాయా?"

పనికొస్తాయా!

అయ్యగారు వేదిక దిగి వచ్చి నా భుజం మీద చెయ్యేశారు. "మెచ్చుకోలు వెనక్కి తీసుకోను. పోయిన వారానిది ఈ వారానికి మార్చుకుంటున్నా" అన్నారు.

జూన్ 23

అక్క సూపర్‌వైజర్‌ని అడిగింది. "చెత్తకి పర్మిషన్ ఏంటమ్మా, ఎత్తుకెళ్ళు" అన్నాడట. రెండు గోతాలు వచ్చాయి. ఆమె, ఆమె చెల్లెలు, ఎండలో, నెత్తిన పెట్టుకుని.

జూన్ 24

ఇల్లంతా పీలికలే. మంచం మీద, మిషను మీద. పక్కపక్కన పెట్టి సొల్యూషన్‌తో అతికిస్తే షీటవుతుంది, కానీ అతుకు గట్టిపడి గీతలా లేస్తుంది. ఆ గీత పుండు కింద పడితే పాత కథే. రెండు కోసి పారేశా.

మా ఆవిడ గుమ్మంలో కూర్చుని చూస్తోంది. "జడ అల్లేటప్పుడు పాయలన్నీ పక్కపక్కన పెట్టి అంటిస్తామా ఏంటి?" అంది.

"అంటే?"

"ఒక వరస నిలువు, దాని మీద వరస అడ్డం. కింద అతుకు ఉన్నచోట పైన నిండు రబ్బరు పడుతుంది. ఇంత వయసొచ్చింది, చాప ఎప్పుడూ చూడలేదా?"

నాకు ఈ పని నేర్పింది మా నాన్న, సిస్టరమ్మ అనుకుంటూ వచ్చా. ఇకనుంచి ముగ్గురు.

జూన్ 25

పీలికలన్నీ ఒకేలా లేవు. కొన్ని గట్టివి, కొన్ని మెత్తవి. సంఘంలో ఆడవాళ్ళు నలుగురు పొద్దున్నే వచ్చి కూర్చుని ఒక్కొక్కటీ బొటనవేలితో నొక్కి మూడు కుప్పలు పోశారు. గట్టివి అంచులకి, నడిరకం మడమకి, అన్నిటికంటే మెత్తవి పుండు కింద. ఒకే షీటుతో చేస్తే ఇది కుదిరేది కాదు! పాదం అంతటా ఒకే మెత్తదనం ఉండేది. ఇప్పుడు ఎక్కడ ఎంత కావాలో అంత వేయగలుగుతున్నా. చెత్త కొనుక్కున్నదాని కంటే బాగా పనిచేస్తోంది.

పుండు సరిగ్గా ఆనేచోట ఇప్పటి పుండు కంటే కొంచెం పెద్దగా గుంట తీశా. అక్కడ బరువు పడకూడదు.

వాళ్ళు పాడుతూ ఏరారు. నేను కూడా పాడానట, మా ఆవిడ చెప్పింది.

జూన్ 26

టీచరుగారికి వేశా. మంచం పక్కనే నేల మీద కూర్చుని, పాదం ఒళ్ళో పెట్టుకుని, పట్టీలు బిగించా. పది అడుగులు నడిపించి, విప్పి, చర్మం చూశా. చిటికెనవేలి దగ్గర ఎర్రబడింది. ఆవిడకి తెలియదు, మనమే చూడాలి. పట్టీ వదులు చేసి, అంచు చెక్కి, మళ్ళీ వేశా. మళ్ళీ విప్పి చూశా. నాలుగుసార్లు. నాలుగోసారి ఎక్కడా ఎరుపు లేదు.

"అందంగా లేవు" అన్నారు టీచరుగారు. నిజమే, నీలం, పసుపు, తెలుపు పీలికలు అంచుల్లోంచి కనపడుతున్నాయి.

"అందమైనవి ఒకసారి ఇచ్చా కదమ్మా" అన్నా.

ఆవిడ పకపకా నవ్వారు. సిస్టరమ్మ పరిగెత్తుకొచ్చి ఏమైందని అడిగింది.

జూన్ 30

పుండు పెరగలేదు.

జూలై 1

పెరగలేదు.

జూలై 3

డాక్టరుగారు వచ్చే టైముకి షెడ్డు మూసేసి వార్డు బయట నిలబడ్డా. ఆయన కట్టు విప్పించి, వంగి, పారదర్శకంగా ఉన్న ప్లాస్టిక్ కాగితం పుండు మీద పెట్టి పెన్నుతో చుట్టూ గీశాడు. పాత గీత మీద కొత్త గీత పెట్టి కిటికీ వైపు ఎత్తి చూశాడు.

కొత్త గీత లోపల ఉంది. నూలుపోగంత లోపల. అయినా లోపలే!

"కోయడం ఇప్పుడు వద్దు. ఇంకో నెల చూద్దాం" అన్నాడు.

గోడకి ఆనుకుని కిందికి జారి కూర్చున్నా. అటువైపు వెళ్తున్న స్ట్రెచర్ ఆయన నాకేదో అయిందనుకుని ఆగాడు.

జూలై 9

టీచరుగారిని ఇంటికి పంపారు. కండక్టర్ ఆ చెప్పులు చూసి, "బావా, ఆవిడకి రంగురంగులవీ, నాకు బోడివీనా? ఇదేం న్యాయం?" అని గొడవ. రేపు కొలతలు ఇస్తానన్నాడు. జోకులు మళ్ళీ మొదలయ్యాయి.

జూలై 16

పుండు చొక్కా గుండీ అంత.

జూలై 17

ఈ నెల ఇప్పటికే నాలుగు జతలు. అక్క రోజూ గోతం తెస్తోంది. నాలుగని అయ్యగారికి చెప్పలేదు. ఆయన అడిగారు, అప్పుడు చెప్పా. అది వేరు.

జూలై 28

కందిగింజంత. టీచరుగారు షెడ్డుకి వచ్చి, నా పక్కన స్టూలు వేసుకుని, నాతో దరఖాస్తు రాయించారు. ఆస్పత్రి సూపరింటెండెంటుగారికి. షుగరు కాళ్ళవాళ్ళకి ఇక్కడే చెప్పులు చేసి, అక్కడే వేసి, చర్మం చూసి పంపడానికి లోపల చిన్న చోటు ఇప్పించమని. మూడుసార్లు రాయించారు. ఎర్ర పెన్ను తెచ్చుకున్నారు మరి. మొదటి దాంట్లో పదకొండు తప్పులు, రెండో దాంట్లో నాలుగు.

మూడో దాని కింద టిక్కు పెట్టి, కాసేపు చూసి, "చదువెక్కనిది నీకు కాదు" అన్నారు.

ఆ మాట ఆవిడతో నేనెప్పుడూ అనలేదు. మా ఆవిడ పనే అయి ఉంటుంది.

ఆగస్టు 4

వానకి తడిసి టీచరుగారి చెప్పు పట్టీ ఒకటి ఊడింది. రెండు రోజులు ఇంట్లోంచి కదలొద్దని చెప్పి కొత్తది కుట్టా. భయమేసింది. ఏమీ కాలేదు.

ఆగస్టు 12

సూదిబెజ్జమంత.

ఆగస్టు 19

మానింది.

సిస్టరమ్మ కట్టు విప్పి, తడిగుడ్డతో తుడిచి, లైటు దగ్గరికి లాగి చూసింది. కొత్త చర్మం, గులాబీ రంగులో, పలచగా, మెరుస్తూ. నన్ను పిలిచి చూడమంది. చూశా. వేలితో తాకొచ్చా అని అడిగా. టీచరుగారు తాకమన్నారు.

"నాకు తెలియడం లేదు, నువ్వు చెప్పు. ఎలా ఉంది?" అన్నారు.

"నున్నగా ఉందమ్మా. చంటిపిల్ల చెంపలా ఉంది."

ఆవిడ ముఖం కిటికీ వైపు తిప్పుకున్నారు. సిస్టరమ్మ అలవాటుగా కొత్త కట్టు తీసి, మళ్ళీ ట్రేలో పెట్టేసింది. పెట్టేసి, గట్టిగా చప్పట్లు కొట్టింది. లైన్లో కట్టు కట్టించుకోవడానికి కూర్చున్నవాళ్ళంతా ఎందుకో తెలియకుండానే కొట్టారు. టీచరుగారు చెప్పులు వేసుకుని, కర్ర నా చేతికిచ్చి, వరండా ఈ చివర నుంచి ఆ చివరకి తానే నడిచారు. అయిదు వేళ్ళతో.

స్తోత్రం ప్రభువా. రెండు కాళ్ళూ నీవే. నేను ఒకటి పాడు చేయబోతే నువ్వు చేయనివ్వలేదు.

ఆగస్టు 26

దరఖాస్తు ఒప్పుకున్నారు. మెట్ల కింద గది. విరిగిన చక్రాల కుర్చీలు పెట్టుకునేవారు అందులో. మా ఆవిడ, ఫ్యాక్టరీ అక్క కలిసి కడిగారు. నేను కడుగుతానంటే ఇద్దరూ బయటికి నెట్టారు.

సెప్టెంబరు 1

మొదటి రోజు. ఎనిమిదికి వెళ్ళేసరికి మెట్ల దాకా జనం. ఇరవై రెండు మంది. కొందరు అవతలి ఊళ్ళనుంచి తెల్లవారకముందే బయల్దేరారట. రబ్బరు గోతాలు ఆరున్నాయి. చేతులు ఉన్నవి రెండే. కాదు, మా ఆవిడ అడుగులు పేరుస్తోంది, అక్క సెలవు పెట్టి వచ్చింది, సిస్టరమ్మ మధ్యమధ్యలో వచ్చి చర్మం చూసి పోతోంది.

టీచరుగారు తలుపు దగ్గర బల్ల వేసుకుని పేర్లు, కాళ్ళ వివరాలు రాస్తున్నారు. ఒకాయన ముందుకు తోసుకొస్తే కర్ర చూపించారు. ఆయన వెళ్ళి వెనక నిలబడ్డాడు. పాపం, ఆయనకి అరవై ఏళ్ళుంటాయి.

కండక్టర్‌కి ఇవాళ ఆఫ్. యూనిఫాం వేసుకుని మరీ వచ్చాడు. పాత టిక్కెట్ల కట్ట చింపి అందరికీ నంబర్లు పంచుతూ అరుస్తున్నాడు. "జరగాలి, జరగాలి, ముందుకు జరగాలి! లోపల చోటుంది! అందరికీ చోటుంది!"

నాకు గర్వంగా లేదు. ఉంది. ఉంటే ఉండనీ, ఈ ఒక్కరోజు.

నేల మీద పీట వేసుకుని కూర్చున్నా. మొదటి మనిషి ఎవరో వాచ్‌మన్, ముడుచుకుపోయి నిలబడ్డాడు. కాళ్ళు మురికిగా ఉన్నాయి బాబూ అని వెనక్కి లాక్కుంటున్నాడు. ఆయనెవరో, ఎలాంటివాడో, ఎవరికి ఏం చేశాడో నాకు తెలియదు. అడగలేదు.

నీళ్ళ గిన్నె దగ్గరికి లాక్కుని, ఒళ్ళో గుడ్డ పరిచా.

"ఇటివ్వండి కాలు" అన్నా.